కోసినవాడిది ఆఖరి ముక్క

మా మామయ్యకి ఒక జబ్బు ఉండేది. ఇంట్లో కత్తి ఇంకొకరి చేతిలో ఉంటే చూడలేకపోయేవాడు.

పుచ్చకాయ కానీ, రొట్టె కానీ, ఆమ్లెట్ కానీ, ఆఖరికి సబ్బు బిళ్ళ కానీ, కొయ్యాలంటే ఆయనే కొయ్యాలి. అత్తయ్య వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నా వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. "ఇది పంచేది కాదులెండి, కూరలోకి," అని ఆవిడ చెబితే గాని కదిలేవాడు కాదు.

చదువుకోసం నేను వాళ్ళింట్లో చేరిన రోజునే ఇంటి చట్టం వినిపించాడు. "ఒరేయ్, ఈ ఇంట్లో కోసినవాడు ఆఖరున తీసుకోవాలి. అప్పుడు ఎవడూ మోసం చెయ్యడు. చెయ్యి వంకరపోతే ఆ వంకర వాడికే తగులుతుంది."

చట్టం బాగానే ఉంది, కోతే ఘోరం. పుచ్చకాయ మా నలుగురికీ కోస్తే మూడు ముక్కలు పడవల్లా వచ్చేవి, నాలుగోది కత్తిరించిన గోరులా వచ్చేది. ముందు మరదలు, తర్వాత నేను, ఆ తర్వాత అత్తయ్య పడవలు ఎక్కేసేవాళ్ళం. గోరు ఆయనకి మిగిలేది.

"భూముల ఆఫీసులో కొండలు కొలిచే ఉద్యోగం నీకెవరిచ్చారు నాన్నా?" అనేది మరదలు.

"కొండకి గింజలుండవే," అనేవాడు, తన ముక్కలో ఉన్న ఒక్క గింజనీ జాగ్రత్తగా పక్కకి తీసి పెడుతూ.

ఒక చలికాలం ఇంట్లో ఉన్న పెద్ద రగ్గుని కత్తిరించి పంచాడు. ఆయన వాటా మోకాళ్ళ దగ్గరే ఆగిపోయింది. "కాళ్ళకి గాలి తగలడం మంచిది," అని పొద్దున్నే తుమ్ముతూ చెప్పాడు.

ఆయన భూముల ఆఫీసులో అధికారి. ఏ నేల పశువులకి, ఏది గనులకి, ఏది ఇళ్ళకి అన్నది తేల్చడం ఆయన పని. చదువయ్యాక నేనూ అదే ఆఫీసులో పటాలు గీసే పనిలో చేరాను. ఒకరోజు ఆయన పెద్ద పటాన్ని స్కేలు కూడా పెట్టకుండా బ్లేడుతో రెండుగా కోసి నా బల్లమీద పడేశాడు. సరదాగా ఒకదానిమీద ఒకటి పెట్టి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. కాగితం వేరు, పుచ్చకాయ వేరు కదా అనుకుని ఊరుకున్నాను.

ఊరి చివరి కొండ తగువు ఆ బల్లమీదకే వచ్చింది. క్వారీ యజమానికి రాయి కావాలి. మేకల సంఘం పెద్దావిడకి గడ్డి కావాలి, గడ్డికన్నా ముందు కొండ నడుమ ఉన్న ఊట కావాలి. చుట్టుపక్కల వేసవిలో కూడా ఎండనిది అదొక్కటే. అది చెయ్యిజారితే మందలు అమ్ముకోవడం తప్ప దారి లేదు.

"క్వారీ మూతపడితే నా కూలీలంతా వచ్చి మీ వరండాలో పడుకుంటారండీ," అన్నాడు యజమాని.

"పడుకోనీండి. మా మేకలకీ అక్కడే కాస్త చోటు చూడండి," అంది పెద్దావిడ.

మామయ్య పటాన్నీ పెన్సిల్నీ యజమాని ముందుకి తోశాడు. "కొండని మీరే రెండు చెయ్యండి. ఏ సగం కావాలో ముందు ఆవిడ చెబుతారు."

యజమాని నవ్వుతూ పెన్సిలు అందుకున్నాడు. రాయినీ ఊటనీ కలిపి ఒక పక్కన పెట్టాడు. పెద్దావిడ ఆ పక్కకేసి ఇష్టంగా చూసింది. ఆయన నవ్వు ఆగిపోయింది. చెరిపాడు, గీశాడు, మళ్ళీ చెరిపాడు. టీ చల్లారింది, రబ్బరు అరిగింది. చివరికి రాయి ఒక వైపు, ఊటా గడ్డీ ఇంకో వైపు వచ్చేలా గీత గీసి చెమట తుడుచుకున్నాడు. పెద్దావిడ ఊట ఉన్న వైపు వేలితో తట్టింది.

"ఇంక అయిపోయినట్టేగా?" అన్నాడు యజమాని.

"ఎక్కడయింది? నీ లారీలు దిగే బాట నా ఊట పక్కనుంచే. ఆ మోతకి మేకలు నీళ్ళు ముట్టవు."

"బాట లేకపోతే రాయిని జేబులో వేసుకుని దిగమంటావా?"

"నీ జేబు పెద్దదేగా."

మామయ్య చాలాసేపు పటం చూశాడు. కొండ అవతలి వాలునుంచి బాట వెయ్యొచ్చు. కాకపోతే ఆ వాలు కింద మా ఆఫీసు ఉద్యోగుల ఇళ్ళకోసం కేటాయించిన స్థలాలున్నాయి. బాట పడితే మూలనున్న ఒక్క స్థలం పోతుంది.

ఆ స్థలం మామయ్యది. అక్కడ కట్టబోయే ఇంట్లో కొండ కనిపించే కిటికీకి అత్తయ్య అప్పుడే కర్టెన్లు కూడా కుట్టేసింది.

"ఇటునుంచి గియ్యి," అన్నాడు నాతో, వేలు ఆ మూలన పెట్టి.

"మామయ్యా," అన్నాను, ఆఫీసులో అలా పిలవకూడదన్నది మర్చిపోయి. "అది మీ స్థలం."

"పంపకం చేస్తున్నదెవరు?"

"మీరే."

"మరి?"

గీశాను. పెద్దావిడ, యజమాని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఇద్దరూ మాట పెంచలేదు.

మిగతా స్థలాలన్నీ అప్పటికే తోటి ఉద్యోగులకి వెళ్ళిపోయాయి. బాట తినగా మిగిలింది మామయ్యకి వచ్చింది. మూడు మూలల స్థలం, కొస దగ్గర మనిషి కూడా పక్కకి తిరిగి నిలబడాలి.

సాయంత్రం ఇంట్లో పటం అత్తయ్య ముందు పరిచాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మంచం ఎలా వేస్తారు?"

"మూలగా."

"మరి నా కొండ?"

"లారీలు కనిపిస్తాయిగా. కొండ అయితే ఒక్కచోటే ఉంటుంది. ఇవి కదులుతాయి."

అత్తయ్య లోపలికి వెళ్ళి పుచ్చకాయతో వచ్చింది. రెండో చేతిలో కత్తి ఉంది. మామయ్య లేచి నిలబడ్డాడు.

"ఇలా ఇవ్వు."

"కూర్చోండి."

ఎందుకో కూర్చున్నాడు. ఆవిడ కోసింది. మూడు గోళ్ళు, ఒక పడవ. పడవంటే మామూలు పడవ కాదు, సగం కాయ.

"ఇదేం కోత?" అన్నాడు మామయ్య. "ఇన్నేళ్ళుగా నన్ను చూస్తున్నావు. ఏం నేర్చుకున్నట్టు?"

"మిమ్మల్ని చూసే నేర్చుకున్నాను."

మరదలు ఆవిడ మొహం చూసింది, నేను మరదలి మొహం చూశాను. బ్లేడుతో కోసిన ఆ పటం నాకప్పుడు గుర్తొచ్చింది.

మామయ్య చెయ్యి ఒక గోరు వైపు వెళ్ళింది. అది అప్పటికే మరదలి నోట్లో ఉంది. రెండోదాని వైపు తిరిగేలోగా నేను తీసుకున్నాను. మూడోది, కోసిన మనిషే అయినా, అత్తయ్య చట్టం పక్కన పెట్టి నోట్లో వేసుకుంది.

పళ్ళెంలో ఆఖరి ముక్క మిగిలింది.

ఆయన దాన్ని రెండు చేతులా ఎత్తుకుని, చెవులదాకా తడుపుకుంటూ తిన్నాడు.

"గింజలెక్కువ," అని సణిగాడు మధ్యలో. కింద మాత్రం పెట్టలేదు.