కాయని దొండ తీగ

పొద్దున తిరుపతిలో మా పక్కింటి కంచె మీద తెల్లని గంటల్లాంటి దొండపూలు చూశాను. అప్పటినుంచి కుదురుగా కూర్చోలేకపోతున్నాను. దొండాకుతో పలక తుడిచిన నా ఈడువాళ్లారా, మీకే చెప్పుకోవాలి.

మా ఊరు పూతలపట్టులో ఏటా మా చేలో వేరుశనగ మొదటి పిడికిలి అమ్మే వేసేది. అమ్మది మంచి చేతివాసి అనేవాళ్లు. పక్కింట్లో ఉండే మేనత్త తన పాదునుంచి ఒక తీగముక్క తుంచి ఇస్తే, అమ్మ దాన్ని పెరట్లో నాటింది. మూడేళ్లపాటు పందిరి నిండా పూలే. కాయ ఒక్కటీ లేదు.

"నీ సెయ్యి సల్లంగా లేదు వదినా. ఇంగ మా అన్న సేన్లో ఇత్తనం ముట్టొద్దు," అంది అత్త. నాయన తలూపాడు. ఆ ఏడు మొదటి పిడికిలి అత్త వేసింది. అమ్మ గట్టుమీద నిలబడి చూసింది.

కాలేజీకి పోయాక ఒక పుస్తకంలో చదివాను. దొండలో మగ తీగ వేరట, అది పూస్తుందే కానీ కాయదట, దాని ముక్క నాటినా అంతేనట. నేరుగా అత్త దగ్గరికి పోయి, అది మగ తీగని తెలిసే ఇచ్చావా అని అడిగాను.

"తెలీకేమిరా? కాసే తీగ ఎవురన్నా ఇస్తారా?" అంది, కూర తరుగుతూనే.

అదే మాట నాయనకు చెప్పాను.

"అయిపోయిందానికి ఇప్పుడేంటికిరా," అన్నాడు.

ఆ ఏడూ మొదటి పిడికిలి అత్తే వేసింది.