నాయనమ్మకు పేరుండదని ఏడ్చిన రోజు

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బారసాలలో బియ్యం పళ్ళెం చూడగానే, మా చెల్లికి పేరు పెట్టిన రోజు గుర్తొచ్చింది. అప్పుడు నాకు ఐదేళ్ళు. పాపకు తన పేరే పెట్టాలని నాయనమ్మా, కాదు తన పేరేనని అమ్మమ్మా పట్టుబట్టారు. చివరికి నాన్న ఉంగరంతో బియ్యంలో నాయనమ్మ పేరు రాయబోతుంటే నేను ఏడుపు లంకించుకున్నాను.

"నీ పేరు చెల్లికిచ్చేస్తే నీకు పేరుండదుగా నాయనమ్మా!"

అందరూ నవ్వారు. నాయనమ్మ మాత్రం నన్ను ఒళ్ళోకి తీసుకుని అమ్మమ్మ వైపు చూసింది.

"నిజమే కదండీ వదినగారూ, మన పేర్లు మనకే ఉండనిద్దాం. ఒరే, మీ ఆవిణ్ణి అడగరా, ఏం పేరు పెట్టుకుంటుందో."

అమ్మమ్మ తలూపింది. అమ్మను అంతవరకూ ఎవరూ అడగలేదు. "వెన్నెల" అంది మెల్లగా.

నాయనమ్మ పేరును నేనే కాపాడానని చాలా ఏళ్ళు గర్వపడ్డాను. నా ఏడుపును వంకగా చేసుకుని ఆవిడ ఎంత పెద్ద ఆశను వదులుకుందో ఇప్పుడు తెలుస్తోంది.