బంగారి బరువు పది కిలోల ఎనిమిది వందలు

మా రాజరత్నం అన్నకు ఒకటే పిచ్చి. చిన్న కుక్క కనబడితే తూకం వెయ్యకుండా వదలడు. సంచిలో ఎప్పుడూ ఒక స్ప్రింగు కాటా, ఒక పాత తువ్వాల, ఒక పలక ఉంటాయి. తువ్వాలను ఉయ్యాలలా కట్టి, కుక్కను అందులో కూర్చోబెట్టి, కాటాకు తగిలించి పైకెత్తుతాడు. ఎవరైనా పెళ్ళికి పిలవడానికొస్తే పెళ్ళికొడుకు ఏం చేస్తాడని అడగడు. వాళ్ళింటి పగ్గు కుక్క ఏం తింటుందని అడుగుతాడు.

పశువుల ఆసుపత్రిలో ముప్పై ఒక్కేళ్ళు అటెండరుగా చేసి రిటైరైనాడు. మార్కాపురం చుట్టుపక్కల ఈనలేక అల్లాడిన బర్రెలెన్నిటికో ఆ చేతులే పురుడు పోసినాయి. కొట్టంలోకి చెయ్యి పట్టుకుని లాక్కుపోయినవాళ్ళే, పనైనాక ఇంటి మెట్టు దగ్గర ఆపేసేవాళ్ళు. మంచినీళ్ళు దోసిట్లోకి పైనుంచి పోసేవాళ్ళు. ఆయన పుట్టిన పేట అలాంటిది మరి. దానికి వాళ్ళు ఆచారమని పేరు పెట్టుకున్నారు. నేను అంటరానితనం అనే అంటాను. మా వీధిలో యల్లమ్మ గారి ఇల్లు ఇందులో అందరికంటే ముందు. ఆమె పామేరియన్ కుక్క బంగారి సోఫా మీద, రాజరత్నం అన్న గేటు బయట. ఇన్నేళ్ళలో ఆయన ఒక్క మాట అనలేదు. సోఫా వైపు చూసి, "దానికి ఒళ్ళు చేస్తాంది" అని మాత్రం అనేవాడు.

పలకల ఫ్యాక్టరీలో అంచు విరిగి పక్కన పడేసిన పలకలు తెచ్చుకుని, తూచిన ప్రతి కుక్క ఇంటి గేటుకూ ఒకటి వేలాడదీస్తాడు. పేరు, తేదీ, బరువు. దారిన పోయేవాళ్ళు బంగారం ధర చూసినట్టు ఆగి చూసి పోతారు. మందుల షాపు సుందరరాజు పరువు కోసం తన పగ్గు బరువు తుడిచి, కిలో తగ్గించి రాసుకున్నాడు. మర్నాడు రాజరత్నం అన్న దాన్ని దిద్ది, కింద "యజమాని అబద్ధం: ఒక కిలో" అని చేర్చి పోయినాడు.

మొన్న మార్చిలో బంగారి మూడు మెట్లెక్కి నాలుగో మెట్టు మీద కూలబడింది. నాలుక నీలంగా తిరిగింది. డాక్టరు రక్తం పరీక్ష చేసి, వేరే రోగమేమీ లేదు, ఉన్నదంతా కొవ్వే, తగ్గించకపోతే మే నెల ఎండ దాటదని చెప్పినాడు. యల్లమ్మ గారు అన్నం ముట్టకుండా కూర్చుంది. కోడలు సంధ్యారాణి పోయి రాజరత్నం అన్నను పిలుచుకొచ్చింది. ఆయన అలవాటుగా గేటు దగ్గరే ఆగినాడు.

"ఆడ్నే నిలబడినావేంది? లోపలికి రా" అంది యల్లమ్మ గారు.

కుక్కకు ఊపిరాడకపోతే గానీ ఆ ఇంటి తలుపు ఒక మనిషికి తెరుచుకోలేదు. దీన్ని చూసి చప్పట్లు కొట్టమంటే నాకు చేతులు రావు.

తూకం వేస్తే పది కిలోల ఎనిమిది వందలు. ఆరుండాల్సిన కుక్క. ఏం పెడుతున్నారని అడిగితే, ఏదో ఒక ముద్దంది యల్లమ్మ గారు. నేనూ ఒక ముద్దేనన్నాడు కొడుకు కొండలరావు. అర బిస్కెట్టుకు మించి పెట్టనంది సంధ్యారాణి. ఎదురుగా కూర్చుని చూసే ప్రాణికి పెట్టకుండా తింటే దిష్టి తగులుతుందని ఆ ఇంట్లో నమ్మకం. ఎవరికి వాళ్ళు తానొక్కరే పెడుతున్నాననుకుంటున్నారు. రాజరత్నం అన్న వాదించలేదు. వంటింటి గోడకు ఒక పలక తగిలించి, కుక్కకు ఏది పెట్టినా ఒక గీత గియ్యమన్నాడు. సాయంత్రానికి ఇరవై ఏడు గీతలు. అందులో రెండు పాలు పోసే చెంచయ్యవి.

యల్లమ్మ గారి చెయ్యి బంగారి పక్కల మీద పెట్టించి, "ఎముకలు తగులుతుండాయా అమ్మా?" అన్నాడు.

"లేదు, మెత్తగుంది."

"పరుపు మెత్తగుండాల. కుక్క పక్కటెముకలు చేతికి తగలాల."

ఇక చట్టం చెప్పినాడు. పెట్టేది ఒక్క మనిషి. కొలిచేది ఒక్క గిన్నె, రోజుకు రెండుసార్లు. తోలు తీసి ఉప్పు లేకుండా ఉడికించిన కోడి, బీన్సు, గుమ్మడికాయ, కాస్త అన్నం. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్టు దగ్గరికి కూడా రాకూడదు. ఒక్కసారిగా కడుపు మాడ్చకూడదు, మెల్లగా తగ్గాలి. పొద్దెక్కక ముందే నడక. చివరగా ఇంకొకటి: బంగారి తినేటప్పుడు యల్లమ్మ గారు పక్కనే కూర్చుని తానూ పథ్యమే తినాలి, నడకకు తానే తీసుకుపోవాలి. లేకపోతే అది బెంగ పెట్టుకుని తిండి మానేస్తుందట.

"నాకెందుకయ్యా పథ్యం?"

"నువ్వు పక్కన లడ్డు తింటాంటే అది గుమ్మడికాయ ఎట్ల తింటాదమ్మా?"

పాపం, నమ్మింది. రాగి సంగటి చిన్న ముద్ద, ఆకుకూర ఆమెకు, గుమ్మడికాయ బంగారికి. రెండో వారం బంగారి రెండొందల గ్రాములు పెరిగింది. కొండలరావు కారులో దాచి మిరపకాయ బజ్జీ పెడుతున్నాడని తేలింది. గేటు పలక మీద బరువు కింద "కొండలరావు చేతులు కట్టెయ్యవలెను" అని పడింది. వీధంతా చదివింది. బజ్జీ ఆగింది.

మే నెల దాటింది. ఆగస్టుకు ఎనిమిది కిలోల వంద. ఒకరోజు బంగారి మెట్లన్నీ గబగబా దిగి, గేటు దాకా ఉరికి, రాజరత్నం అన్నను చూసి చెడామడా మొరిగింది. రిటైర్మెంటు రోజు శాలువా కప్పినప్పుడు కూడా అంత సంబరపడలేదాయన.

అదే వారం సంధ్యారాణి నాకో మాట చెప్పింది. ముగ్గురు డాక్టర్లు మొత్తుకున్నా తీపి మానని వాళ్ళత్తకు మూడొందల దగ్గరుండే షుగరు నూటనలభైకి దిగిందట. మోకాళ్ళ నొప్పులూ తగ్గినాయట. నాకు అనుమానమొచ్చి రాజరత్నం అన్నను నిలదీసినాను.

"పక్కన మనిషి తినకపోతే కుక్క బెంగ పెట్టుకుంటుందా అన్నా?"

"బంగారేనా? గిన్నె పెట్టి ఊరు పోయినా తింటాది చెల్లెమ్మా. వదిలేస్తే గిన్నె కూడా తింటాది."

"మరి అబద్ధమెందుకు?"

"కోడలు ఒకసారి గేటు దగ్గర ఏడ్చింది, అత్త మాట వినదని. తన కోసమంటే వినదు గదా. కుక్క కోసమంటే ఇంటాది."

"ఇన్నేళ్ళు నిన్ను బయట నిలబెట్టిన మనిషి గదన్నా?"

"షుగరుకు అయ్యన్నీ తెలుస్తాయా?" అని సంచి భుజాన వేసుకుని, ఎదురింటి డాష్‌హౌండు కుక్క వైపు నడిచినాడు.

చదివినవాళ్ళు ఒక పని చెయ్యండి. ఈ రోజే మీ ఇంటి గోడకు ఒక పలకో కాగితమో తగిలించి, మీ చిన్న కుక్కకు ఎన్ని చేతులు పెడుతున్నాయో గీతలు గియ్యండి. పక్కటెముకలు తడిమి చూడండి. బరువెక్కువైతే ముందు డాక్టరుకు చూపించండి. మార్కాపురంలో ఉంటే ఆదివారం చర్చి వదిలినాక రాజరత్నం అన్న దగ్గరికి తీసుకుపోండి, తూకానికి డబ్బు తీసుకోడు. మిమ్మల్ని కూడా పక్కన కూర్చుని పథ్యం తినమంటే మాత్రం ఎందుకని వాదించకండి. తినండి.