జాకెట్ గుంజి చూసే మనిషి

లైఫ్ జాకెట్ వేసుకోవడం ఎవరికి వారే నేర్చుకోవచ్చు. అది ఒంటికి సరిగ్గా పట్టిందో లేదో చూడడానికి మాత్రం రెండో మనిషి కావాలి. ఎదురుగా నిలబడి, రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి గుంజాలి. జాకెట్ చెవుల దాకా లేచిందంటే వదులుగా ఉన్నట్టు. పనిలో చేరిన రోజు నాకు ఈ ముక్క చెప్పి, ఒకసారి గుంజి చూపించి, పడవ అప్పగించి వెళ్లిపోయారు. మర్నాటి నుంచి నేనూ, పడవా, నీళ్లూ.

ఆదిలాబాద్ వైపు ఒక రిజర్వాయరులో చేపలకు దాణా వేసే పని అది. నీటి మధ్యలో ప్లాస్టిక్ డ్రమ్ముల మీద ఇనుప పైపులు తేలుతుంటాయి. ఆ పైపులకు వేలాడే పెద్ద పెద్ద వలల్లో చేపలు పెరుగుతాయి. పొద్దున్నే చిన్న పడవలో తెడ్డు వేసుకుంటూ పోయి వాటికి దాణా చల్లి రావాలి. నాకు ఈత రాదు. బొగ్గుగనుల కాలనీలో పుట్టినవాణ్ని, మావాళ్లకు భూమి కిందికి దిగడం తెలుసు గానీ నీళ్ల మీద పోవడం ఏం తెలుస్తుంది! అయినా ఒప్పుకున్నాను. నన్ను కన్న మా అవ్వ పోయాక ఆ ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. ధర్మపురిలో ఆమెను గోదావరిలో కలిపి వచ్చి తాళం తీస్తే, సామాను ఎక్కడిదక్కడే ఉంది, పలకరించే నోరే లేదు. నేను పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు ఇన్నేళ్లలో ఎన్ని జవాబులు చెప్పానో, అందులో అసలుది ఏదో ఇప్పుడు నాకే తెలియదు.

మా ఇంట్లో ఒక అలవాటు ఉండేది. బాపు గనిలో పనిచేసేవాడు. టోపీ దీపం బ్యాటరీ నడుం బెల్టుకే వేలాడుతుంది కాబట్టి బెల్టు వదులుగా ఉండకూడదు. ఆయన డ్యూటీకి బయలుదేరేటప్పుడు అవ్వ వెనక నుంచి బెల్టు పట్టుకుని ఒక్క గుంజు గుంజేది. "గట్టిగున్నది, పో" అనేది. అప్పుడే ఆయన గడప దాటేవాడు. బాపు పోయాక ఆ గుంజుడు నాకొచ్చింది. కాలేజీకి పోతుంటే సంచి పట్టీ, ఉద్యోగానికి పోతుంటే హెల్మెట్ పట్టీ. ఏమీ దొరకని రోజు చొక్కా కాలరే పట్టుకుని గుంజేది. "గుండీ తెగుతదవ్వా!" అని నేను విసుక్కునేవాణ్ని. వాడకట్టు వాళ్లు నవ్వేవాళ్లు. ముసలివాణ్నవుతున్నా ఆ గుంజుడు తప్పలేదు.

ఇక ఆదిలాబాద్ చలి. పేపర్లో చదవడం వేరు, పొద్దు పొడవకముందే నీటి మీద దాన్ని ఓర్చుకోవడం వేరు. బనియను, దాని మీద చొక్కా, దాని మీద స్వెటర్, స్వెటర్ మీద అవ్వ ఉన్ని శాలువా రెండు చుట్లు, అన్నిటి మీదా లైఫ్ జాకెట్. పక్క పట్టీలు చివరిదాకా వదిలితే గానీ క్లిప్పులు అందేవి కావు. వడ్ల బస్తాకు మూతి కట్టినట్టుండేవాణ్ని. చేతులు సరిగ్గా ఆడక, తెడ్డు కుడివైపే అందేది, పడవ ఎడమకు తిరిగిపోయేది. జాకెట్ మాత్రం ఊపిరాడనంత బిగుతుగా ఉందని ధైర్యంగా ఉండేవాణ్ని. ఆ బిగుతు అంతా శాలువాది.

కట్ట మీద ఒకామె చాయ్ బండి పెట్టుకునేది. రోజూ ఆమె దగ్గర నిలబడి తాగేవాణ్ని. "ఒక చాయ్" అనేది తప్ప మా మధ్య మాటల్లేవు. జాకెట్ ఒకసారి గుంజి చూడమని అడుగుదామని రోజూ నోటి దాకా వచ్చేది. యాభై దాటిన మగవాడు పరాయి ఆడమనిషి ముందు నిలబడి "నన్ను జర గుంజి చూడు" అంటే ఏం బాగుంటుంది? చాయ్‌తో పాటే ఆ మాటనూ మింగేవాణ్ని.

ఒకరోజు దాణా సగం వేసేసరికి ఎండ చుర్రుమంది. పడవను పైపుకు కట్టి, జాకెట్ విప్పి, శాలువా తీసి పడవ చెక్క మీద పెట్టి, జాకెట్ మళ్లీ తొడుక్కున్నాను. క్లిప్పులు టక్కుమన్నాయి. టక్కుమంటే అయిపోయిందనే అనుకున్నాను. పట్టీలు బిగించాలన్న సంగతే తోచలేదు. ఇంతలో గాలి వచ్చి శాలువాను నీళ్లలోకి జార్చింది. అది అవ్వది. వెనకాముందూ చూసుకోకుండా వంగాను, పడవ ఒరిగి నీళ్లలో పడ్డాను.

జాకెట్ తేలింది, నేనే దాని లోపలి నుంచి కిందికి జారాను. అది చెవులు దాటి లేచి, నా చంకలు పట్టుకుని ఆగింది. కళ్ల ముందు నారింజ రంగు తప్ప ఏమీ కనిపించలేదు. నోట్లోకి నీళ్లు పోతున్నాయి. "అవ్వా!" అని అరిచాను. దెబ్బ తగిలితే ఎవరైనా అనే మాటే. అన్నాక గానీ, ఆ మాటకు పలికే మనిషి ఇక లేదని గుర్తు రాలేదు. దాణా అనుకున్నాయో ఏమో, వలలో చేపలు మాత్రం నా చప్పుడుకు పైకి వచ్చాయి. ఒక చేత్తో జాకెట్‌ను కిందికి అదిమి పట్టుకుని, కాళ్లు కొట్టుకుంటూ, రెండో చేత్తో డ్రమ్మును అందుకున్నాను. పైపు మీదికి ఎట్లా ఎక్కానో నాకే తెలియదు. శాలువా నీళ్లు తాగి మునిగిపోయింది.

వణుకుతూ కట్ట ఎక్కితే చాయ్ ఆమె గ్లాసు కింద పెట్టేసింది.

"ఏమైందన్నా! గిట్ల తడిసినవేంది?"

"ఏం కాలే. జర జారిన."

ఒక దుప్పటి తెచ్చి నా మీద కప్పింది. "ఒక్కనివే పోతవా రోజు? ఇంట్ల ఎవ్వరు లేరా?"

"లేరు," అన్నాను. అవ్వ పోయాక ఆ మాట నా నోటితో నేను అనడం అదే మొదటిసారి.

మర్నాడు పోవాలా వద్దా అని మంచం మీద చాలాసేపు కూర్చున్నాను. చివరికి శాలువా లేకుండా, ఉత్త స్వెటర్ మీద జాకెట్ తొడుక్కుని బండి ముందు నిలబడ్డాను.

"చెల్లె, గీ భుజాల కాడ పట్టి జర మీదికి గుంజవా?"

"పొద్దుపొద్దుగాల గిదేం పనన్నా!" అని నవ్వింది. నిన్న పడ్డది ఎందుకో చెప్పాను. నవ్వు ఆపి, చేతులు కొంగుకు తుడుచుకుని గుంజింది. జాకెట్ ముక్కు దాకా లేచింది.

"అయ్యో, గింత వదులా! జర ఆగు." పక్క పట్టీలు ఒక్కొక్కటీ లాగి బిగించింది. మళ్లీ గుంజింది. ఈసారి జాకెట్ కదల్లేదు, నా మడమలే లేచాయి.

"ఆ, ఇగ పో. మల్లొచ్చినంక నాకు కనవడి పో" అని, పొంగుతున్న పాల వైపు తిరిగింది.

పడవ ఎక్కి తెడ్డు పట్టుకున్నాక గానీ ఏడుపు రాలేదు. జాకెట్ ఎంత గట్టిగా ఉందంటే, సరిగ్గా వెక్కనివ్వలేదు కూడా.