మల్లికి గుండు వద్దన్న వేసవి

2022 వేసవి. పశువైద్యుడిగా రిటైరయ్యాక కూడా భవానీపురంలో మా ఇంటి వరండాలో కుక్కలను చూస్తుండేవాణ్ణి. ఒక ఉదయం నాగమణి, ఆమె భర్త రమణ తమ తెల్లని స్పిట్జ్ కుక్క మల్లిని తీసుకొచ్చారు. దాని నడుము మీద జానెడు మేర బొచ్చు లేదు.

"నా గడ్డం ట్రిమ్మర్‌తో మొదలెట్టానండీ. అది కాస్తా ఆగిపోయింది. మిగతాది మీరు గుండు కొట్టెయ్యండి. ఎండాకాలం పిల్లలకి కొట్టించమా?" అన్నాడు రమణ.

నాగమణి ఇంట్లో రొయ్యల పచ్చడి పెట్టి అమ్ముతుంది. కిందటిసారి ఎవరి సీసాలోనో తెల్ల వెంట్రుక వచ్చిందట. మరొక్కటి కనిపిస్తే మల్లిని ఇబ్రహీంపట్నంలో ఉండే తన తమ్ముడికి ఇచ్చేస్తానని రమణ పట్టుబట్టాడు.

"దాంతోపాటు నేనూ బస్సెక్కుతా," అంది నాగమణి.

"నువ్వెళ్తే పచ్చడెవరు పెడతారే?"

నేను మల్లి బొచ్చు విడదీసి చూపించాను. స్పిట్జ్‌ది డబుల్ కోట్, అంటే రెండు పొరల బొచ్చు. పొడుగ్గా, బిరుసుగా ఉండే పై పొర చర్మాన్ని ఎండ నుంచి కాస్తుంది. కింద దూదిలాంటి అండర్‌కోట్. వేసవిలో కుప్పలుగా రాలేది అదే. పూడుల్ లాంటి కుక్కల బొచ్చు పెరుగుతూనే ఉంటుంది కాబట్టి కత్తిరించాలి. దీన్ని దువ్వాలి.

"గుండు కొడితే రాలడం ఆగదమ్మా, పొట్టి ముక్కలై రాలుతుంది. పొడుగు వెంట్రుకైతే కంటికి ఆనుతుంది. ముక్క కారంలో పడితే నీకు కనిపిస్తుందా?"

నాగమణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పొడుగు పళ్లుండే రేక్ దువ్వెనతో దువ్వాను. మల్లి పక్కన దూది కుప్ప పెరిగింది.

"ఇంకో కుక్క తయారయ్యేట్టుందండీ!" అన్నాడు రమణ.

రోజూ పెరట్లో దువ్వమన్నాను. స్నానం చేయించాక చర్మం దాకా ఆరబెట్టమన్నాను; మన ఉక్కలో తడి నిలిస్తే పుండ్లు పడతాయి. వంటింటి తలుపు మూసే ఉంచమన్నాను.

చెప్పానే గాని నాకు స్థిమితం లేదు. కొత్త పచ్చడి సీసాలు కొన్నవాళ్ల ఇళ్లకు వెళ్లాయని తెలిసింది. ఒక్క వెంట్రుక వచ్చినా మల్లి వెళ్లిపోతుంది. గేటు చప్పుడైతే లేచేవాణ్ణి, పేపరు పట్టుకుని అదే వార్త మళ్లీ చదివేవాణ్ణి. డైరీలో ఏ పూటా 'కబురు లేదు' అన్న మాట తప్ప మరేమీ రాయబుద్ధి కాలేదు.

చివరికి రమణ పచ్చడి సీసాతో వచ్చాడు.

"ఏమైందయ్యా?"

"ముందు రుచి చూడండి."

నేను సీసాను వెలుతురుకు పట్టి తిప్పి తిప్పి చూశాను. రమణ పకపకా నవ్వాడు. "మా ఆవిడా అంతేనండీ! ఎవరూ ఏమీ అనలేదు. మా తమ్ముణ్ణి రావద్దని చెప్పేశా."

బొచ్చు ఎక్కువైందని ఎవరు కుక్కను తెచ్చినా అప్పటినుంచి నేను వెంటనే కత్తెర అందుకోలేదు. ముందు వేళ్లతో విడదీసి, రాలుతున్నది ఏ పొరో చూశాను. మల్లి నడుము మీద ఆ జానెడు చోట పై బొచ్చు ఈనాటికీ సరిగ్గా మొలవలేదు. ఎండెక్కితే నాగమణి దానికి రమణ పాత బనియను తొడుగుతుంది.