శనిగ్రహం మీద దొంగ చావు

ఈమధ్య ఎవరింటికెళ్ళినా కాఫీ అరగ్లాసే ఇస్తున్నారు. ఆరోగ్యం కోసమట. ఎవరి ఆరోగ్యమో చెప్పరు. నా చిన్నప్పుడు తెనాలిలో మా ఇంట్లో గ్లాసు నిండా పోసేవాళ్ళు. అందుకే పక్కింటి మాస్టారు మా వసారాలో ఆగకుండా రేపల్లె బడికి రైలెక్కిన రోజు నాకు గుర్తు లేదు.

ఆ వసారాలోనే మా బాబాయి బొమ్మలు ఆరేవి. ఒక పేపరు ఆదివారం సంచికకు బాబాయి వారం వారం అంతరిక్షం కథను బొమ్మల్లో గీసేవాడు. ముందు పెన్సిలు, ఆపైన పాళీతో నల్ల ఇంకు, తప్పుల మీద తెల్లరంగు. అందులో హీరో ఎక్కి తిరిగే రాకెట్‌కు నమూనా మా కాఫీ ఫిల్టరు. అంతకంటే ఆధునికమైన యంత్రం ఇంట్లో లేదు. అంతరిక్షమంటే షీటులో ముప్పాతిక వంతు నలుపే కదా, ఆరాలంటే పూటంతా గాలి తగలాలి.

మాస్టారు కాఫీ తాగుతూ ఆ షీటు చూసేవారు. తరవాత రైల్లో, "నా లెక్క ప్రకారం ఈ వారం వీడు తోకచుక్క మీద దిగుతాడు" అనేవారు. ఆదివారం వాడు బుద్ధిగా అక్కడే దిగేవాడు. పెట్టెలో మాస్టారికి కిటికీ సీటు ఖాయమైంది. రేపల్లెలో ఆదివారం పేపరు మిగిలిపోసాగింది. కథ ముందే బయటికి పోతోందని, ఇలాగైతే ఆపేస్తామని ఆఫీసు నుంచి బాబాయికి కబురొచ్చింది.

"లోపల ఆరేయొచ్చుగా?" అంది పిన్ని.

"దాచామని మాస్టారికి తెలిసిపోదూ? నాకు ఓనమాలు దిద్దించిన మనిషే!"

"అయితే ఆయన కోసం వేరే బొమ్మ గీయండి. వాణ్ణి చంపేయండి."

బాబాయి చంపాడు. శనిగ్రహం వలయాల కింద, విరిగిన రాకెట్ పక్కన, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని ఒక్కడే పోయాడు. ఆ షీటు వసారాలో పెట్టి, అసలు షీటును పడగ్గదిలో పిన్నీ నేనూ విసనకర్రలతో ఆరబెట్టాం. మాస్టారు వచ్చారు, చూశారు, కాఫీ సగంలో వదిలేసి వెళ్ళిపోయారు. ఆయన చరిత్రలో అది లేదు.

మర్నాడు, రైల్లో మాస్టారు చెప్పిన చావు కబురు చెవినపడి, రేపల్లె నుంచి ఎవరో పెద్దాయన అరటిపళ్ళతో పరామర్శకు వచ్చాడు.

"పోయినాయనకి పిల్లలున్నారాండి?"

"లేరండి," అన్నాడు బాబాయి, తల వంచుకుని. "పెళ్ళి కాలేదండి."

"పోనీలెండి, అదీ ఒకందుకు మంచిదేనండి."

అరటిపళ్ళు బాగున్నాయి.

ఆ ఆదివారం రేపల్లెలో పేపరు చాలక బాపట్ల నుంచి తెప్పించారట. చావు చూద్దామని కొన్నవాళ్ళకు మనవాడు చొక్కా దులుపుకుంటూ లేచి కనిపించాడు. కథ నిలబడింది. కిటికీ సీటు పోయింది.

ఆ దొంగ షీటు అచ్చు కాకుండానే ఇప్పుడు మా హాల్లో ఫ్రేములో ఉంది. పెద్దవాళ్ళకు కాదని చెప్పలేని మొహమాటం నాకూ ఉంది కాబట్టి, పిన్ని ఉపాయం చాలాసార్లు అక్కరకొచ్చింది. కానీ ఏ పనైనా ముగించి చేతులు దులుపుకోబోయే ముందు నాకు గుర్తొచ్చేది ఆ ఉపాయం కాదు, ఆ సోమవారం. మాస్టారు వచ్చి కూర్చున్నారు. కోప్పడలేదు. దొంగ షీటు తెమ్మని, పేపరు పక్కన పరిచి, రెంటినీ మార్చి మార్చి చూశారు. బాబాయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏరా," అన్నారు మాస్టారు, "నన్ను మోసం చేయడానికి పడ్డ కష్టం, కథ కోసం ఎందుకు పడలేదురా?"