చాంతాడు కట్టి లాక్కెళ్ళిన పెళ్ళికారు

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున్నే ఎవరైనా మా గేటు కొట్టారంటే, సగంసార్లు వాళ్ళ బండి ఎక్కడో ఆగిపోయిందన్నమాటే!

బోయిన్‌పల్లిలో మా వీధి మొత్తానికీ వ్యాన్ ఉన్నది మాకే. తెల్లది, పక్కకు జారే తలుపులది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. నాన్న మమ్మల్ని అందులో ఎంత తిప్పాడో, జనాల బండ్లను అంత లాగాడు. బావి పూడ్చేశాక కూడా నానమ్మ పారేయనివ్వని చాంతాడు ఒకటి ఎప్పుడూ సీటు కింద ఉండేది. "ఊరోళ్ళ బండ్లన్నీ నీకే కావాలె" అని అమ్మ సణిగేది. నాన్న నవ్వేసి తాళంచెవి తీసుకునేవాడు.

అలా లాగిన వాటిలో ఒకటి మా రూతత్త పెళ్ళికారు...

రూతత్త నాన్నకు చెల్లెలు. బడిలో లెక్కల టీచరు. మాట పడే రకం కాదు. నాది ఆమె పోలికే అంటారు అందరూ, నేను ఒప్పుకోను. ముప్పై దాటాక కుదిరింది సంబంధం. పెళ్ళికొడుకు మెత్తనివాడే... అతని తల్లి మాత్రం పెళ్ళిచూపుల నాడే "టీచరమ్మలు ఇంట్ల సుత టీచర్లే అయితరు" అనేసింది. అందుకే ఇంట్లో అందరికీ ఒకటే గుండెదడ, పెళ్ళి రోజు ఆవిడ నోట ఏ మాటా రాకూడదని.

మా వాళ్ళలో ఒక పద్ధతి ఉండేది. పెళ్ళికూతురు చర్చికి మగపెళ్ళివాళ్ళు పంపిన కారులోనే రావాలి. పూలు కట్టిన అంబాసిడర్ వచ్చింది. అత్త, నానమ్మ అందులో ఎక్కారు. మిగతావాళ్ళంతా ముందే వెళ్ళిపోయారు. వెనకాల వ్యాన్‌లో నాన్న, నేను. సీట్లు తీసేసి, విందుకని మార్కెట్ నుంచి తెచ్చిన ఉల్లిగడ్డల బస్తాలు, టమాట బుట్టలు కుక్కారు. వాటి మధ్యన కొత్త గౌనుతో నేను!

తాడ్‌బండ్ దాటామో లేదో, అంబాసిడర్ ఆగిపోయింది. డ్రైవర్ బానెట్ ఎత్తాడు, దించాడు, "మెకానిక్‌ను పట్కొస్త" అని పోయాడు... పోయినవాడు పోయినట్టే! ఇప్పట్లా చేతుల్లో ఫోన్లా ఏమన్నానా?

ఆ రోజు చర్చిలో మా తర్వాత ఇంకో పెళ్ళి ఉంది. ఆలస్యమైతే సాయంత్రం దాకా ఆగాల్సిందేనని అయ్యగారు, అదే మా పాస్టరుగారు, ముందే చెప్పారు. పోనీ ఆటో ఎక్కుదామంటే... వాళ్ళు పంపిన కారు రోడ్డున వదిలేసి వస్తే కాబోయే అత్తగారు జన్మలో ఊరుకుంటుందా? వ్యాన్ ఎక్కిద్దామంటే తెల్లటి పట్టుచీర... చుట్టూ టమాటాలు! నానమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నాన్న చాంతాడు బయటికి తీశాడు.

"తాడు సరేరా, ఈ కారు స్టీరింగ్ ఎవరు పడ్తరు?" అంది నానమ్మ.

నిజమే... లాగే బండికి ఒకరు, వెనక బండికి ఒకరు ఉండాలి. అత్త ముసుగు వెనక్కి తోసి, పూలగుత్తి నానమ్మ ఒళ్ళో పడేసి, దిగి వచ్చి డ్రైవర్ సీట్లో కూర్చుంది. సెలవుల్లో మా వ్యాన్ మీదే నేర్చుకుంది డ్రైవింగ్.

"ఓయమ్మో! పెండ్లిపిల్ల స్టీరింగ్ పట్టుడేందే? నలుగురు నవ్వరా?"

"గిట్ల రోడ్డు మీద కూసుంటే నవ్వరా అమ్మా?" అంది అత్త.

నాన్న కిటికీ దగ్గర వంగాడు. "నేను బ్రేక్ కొడితే నువ్వు సుత కొట్టు చెల్లె. తాడు జెర బిగువుగ ఉండాలె, అంతే. పరేషాన్ గాకు, ముందర నేనున్న."

తాడు వదులైతే అరవడం నా పని. బస్తాల మీద వెనక్కి తిరిగి కూర్చున్నాను. తాడుకు అవతల, అద్దంలోంచి, అత్త మొహం... పెదాలు బిగబట్టి. ప్యారడైజ్ చౌరస్తాలో పోలీసాయన ఆపుదామని చెయ్యెత్తాడు. స్టీరింగ్ వెనక పెళ్ళికూతుర్ని చూసి, ఆ చేత్తోనే దారిచ్చేశాడు. అత్త కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. నాకేం చెయ్యాలో తోచలేదు, అద్దానికి ముక్కు నొక్కి నాలుక బయటపెట్టి వెక్కిరించాను. ఫక్కున నవ్వేసింది.

చర్చి మెట్ల మీద పెళ్ళికొడుకు తల్లి నిలబడి ఉంది. ముందు ఉల్లిగడ్డల వ్యాన్, తర్వాత తాడు, ఆ వెనక పూలకారు, అందులో స్టీరింగ్ పట్టుకుని పెళ్ళికూతురు! వెనక సీట్లో నానమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది.

ఆవిడ మెట్లు దిగి వచ్చింది. తాడు వంక చూసింది, అత్త వంక చూసింది. ముందు తలుపు తనే తీసింది.

"మా కారు ఆగినా నువ్వు ఆగలే... మంచిగ చేసినవ్ బిడ్డా. మా వానికి సైకిల్ సుత సక్కగ రాదు" అంటూ చెయ్యి పట్టుకుని దించింది.

నాన్న తాడు విప్పుతున్నట్టు వంగి, తనివితీరా ఏడ్చాడు. నేను చూశాను.

మొన్న బేగంపేటలో నా కారు ఆగిపోయింది. ఫోన్లో ఏదో నొక్కితే క్రేన్ వచ్చింది. వచ్చినతను నా మొహం కూడా చూడలేదు, ఓటీపీ అడిగాడు, కారు ఎత్తుకుని వెళ్ళిపోయాడు. కష్టమేమీ పడలేదు, నిజం చెప్పొద్దూ. కానీ రోడ్డు పక్కన ఒక్కదాన్నే మిగిలేసరికి ఎందుకో దిగులేసింది. నాన్న లేడు, వ్యాన్ ఎప్పుడో అమ్మేశాం... ఊరికే మాట్లాడదామని రూతత్తకు ఫోన్ చేశాను. అరవై ఎప్పుడో దాటేసింది. కారు తీసుకెళ్ళిపోయారు అత్తా, ఆటోలో పోతానని చెబుతూనే ఉన్నాను... వింటేగా!

"ఏడున్నవే? ఆడనే ఉండు, కదలకు. నేనొస్తున్న."

ఈ రోజుల్లో ఆగిన బండిని లాగేవాళ్ళకు కొదవలేదు... అడగకుండానే "నేనొస్తున్న" అనేవాళ్ళే కరువయ్యారు. మీకింకా ఎవరైనా మిగిలారా? ఉంటే వాళ్ళ గురించి కింద రెండు ముక్కలు రాయండి... అత్తకు చదివి వినిపిస్తాను.